గది తాగేది ఒక్క గ్లాసు నీరే

అమలాపురంలో శ్రావణ మాసపు ఒక సాయంత్రం, గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం

సభకు నమస్కారం.

ముసురు పట్టి ఇవాళ్టికి నాలుగో రోజు. మీలో చాలామంది ఇంట్లో తీగల మీద బట్టలు వదిలేసే ఇక్కడికి వచ్చి ఉంటారు. మా ఇంట్లోనూ అంతే. మొన్న ఉతికిన తువ్వాలును ఈ పొద్దున ముట్టుకుంటే చల్లగా తగిలింది, దగ్గరికి తీసుకుంటే ముక్కవాసన వేసింది. భౌతికశాస్త్రం చెప్పుకున్న మనిషిని పిలిచి బట్టలు ఆరేసుకోవడం మీద మాట్లాడమన్నారేమిటని మావారు నవ్వారు. బాష్పీభవనం అనే పాఠాన్ని నేను ముప్పయ్యేళ్లు తరగతిలో చెప్పిన మాట నిజమే గానీ, ఆ పాఠం నాకు బోధపడింది మాత్రం ఉద్యోగం మానాక, మా ఇంట్లో ఒక గోడ నల్లబడిన తరువాతే. ఆ గోడ సంగతి కాస్త ఆగి చెబుతాను. ముందు ఒక లెక్క చూద్దాం.

మా ఇంట్లో నలుగురి బట్టలు, ఒక రోజువి, కాటా మీద పెట్టి తూచాను. పొడిగా ఉన్నప్పుడు 4 కిలోలు ఉన్నాయి. ఉతికి, జాడించి, చేత్తో గట్టిగా పిండిన తరువాత ఏడున్నర కిలోలు తూగాయి. అంటే ఆ బట్టలతోపాటు నేను ఇంట్లోకి మూడున్నర లీటర్ల నీటిని తెచ్చి దండెం మీద వేలాడదీశానన్న మాట. బట్టలు ఆరాయి అంటే ఆ నీరు గాలిలో కలిసింది అని అర్థం. అయితే గాలి నీటిని తాగడానికి ఒక హద్దు ఉంది. 30 డిగ్రీల వేడి దగ్గర ఒక ఘనపు మీటరు గాలి, ఆవిరి రూపంలో, సుమారు 30 గ్రాముల నీటిని మాత్రమే పట్టగలదు. ఈ రోజుల్లో మన గాలిలో తేమ 80 శాతం ఉందనుకుంటే, అది వానాకాలానికి ఎక్కువేమీ కాదు, ఆ 30 గ్రాములలో 24 గ్రాముల చోటు అప్పటికే నిండిపోయి ఉంది. మిగిలింది 6 గ్రాములు. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో సుమారు 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 34ను 6తో హెచ్చవేస్తే వచ్చేది 204 గ్రాములు. అది ఒక గ్లాసెడు నీరు.

తలుపులూ కిటికీలూ మూసిన గది తాగగలిగింది ఆ ఒక్క గ్లాసే. మనం దాని ముందు పెట్టింది పదిహేడు గ్లాసులు. గదిలోని గాలి మొత్తం పదిహేడు సార్లు మారితే తప్ప ఆ బట్టలు ఆరవు. అదైనా బయటికి వెళ్లే గాలి నూటికి నూరుపాళ్లూ నిండి వెళ్తుందనుకుంటే. నిజానికి సగం నిండే వెళ్తుంది కాబట్టి ముప్పై అయిదు సార్లు అనుకోండి. గాలి మారకపోతే ఆ నీరు ఏమవుతుంది? కొంత బట్టలోనే ఉండిపోయి వాసన వేస్తుంది. కొంత బట్టను వదిలి దూది పరుపులోకి, చెక్క తలుపులోకి, పుస్తకాలలోకి, గోడ సున్నంలోకి పోతుంది. మరునాటికి బట్ట ఆరినట్టే కనిపిస్తుంది. నీరు మాత్రం ఇల్లు దాటలేదు. నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది: బట్టను నీరు వదిలితే చాలదు, ఆ నీరు ఇంటిని కూడా వదిలిపెట్టాలి.

ఇక్కడ ఒక మాట. మన వైపు బూజు అంటే సాలెగూడు కూడా బూజే, పచ్చడి మీద తెల్లగా పట్టేది కూడా బూజే. నేను మాట్లాడుతున్నది రెండోదాని గురించి. పండక్కి ముందు చీపురు కట్టి దులిపేది వేరు, ఇది వేరు. దీన్ని పొడిచీపురుతో దులిపితే మరింత చెడు జరుగుతుంది. దీని బీజాలు కంటికి కనిపించకుండా గాలిలో ఎప్పుడూ ఉంటాయి, వాటిని ఇంట్లోకి రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. అవి మొలకెత్తడానికి కావలసింది తడి. గోడ మీద గానీ బట్ట మీద గానీ పక్కనే అంటిపెట్టుకుని ఉండే పల్చటి గాలి పొరలో తేమ 80 శాతానికి పైన రోజుల తరబడి నిలిస్తే బూజు పెరుగుతుంది. కొన్ని జాతులకు అంతకన్నా తక్కువైనా సరిపోతుంది. తేమ, బూజు పట్టిన ఇళ్లలో ఉబ్బసం వంటి శ్వాస బాధలు ఎక్కువగా కనిపిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించింది. ఇంట్లో చంటిపిల్లలో, ఆయాసం ఉన్న పెద్దవాళ్లో ఉంటే ఇది కేవలం వాసన సమస్య కాదు.

తేమను కొలిచే చిన్న పరికరాలు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి, ఒకటి కొనుక్కోవడం మంచిదే. అది లేనివాళ్లకు వంటింట్లో ఒకటి ఉంది. పాకెట్టులో వచ్చే శుద్ధమైన ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటినప్పుడు నీరు కారడం మొదలుపెడుతుంది. గళ్ళుప్పు అంతకు ముందే చెమ్మగిల్లుతుంది, ఎందుకంటే దానిలో మెగ్నీషియం లవణాలు కలిసి ఉంటాయి. కాబట్టి మెత్తటి ఉప్పు డబ్బా మూత తీసి చూసి, అది ముద్ద కట్టి ఉంటే ఆ రోజు దుప్పట్లు నానబెట్టకండి.

చలిదేశాలలో ఇళ్లలోనే బట్టలు ఆరేసుకునేవాళ్లకు అక్కడి నిపుణులు కిటికీ తెరవమని చెబుతారు. ఆ సలహా అక్కడ మందులా పనిచేస్తుంది. 5 డిగ్రీల చలిగాలి ఘనపు మీటరుకు 7 గ్రాముల నీటిని కూడా పట్టలేదు. అది ఇంట్లోకి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే 17 గ్రాములు పట్టగలిగే స్థితికి వస్తుంది. ఆ గాలి దాహంతో వస్తుందన్న మాట. మన గాలి కడుపు నిండి వస్తుంది. గోదావరి, గౌతమీ వశిష్ఠ వైనతేయ పాయలు, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఊరూరా పారుతున్న కాలువలు, వరిచేలు, చేపల చెరువులు, ఆ పైన సముద్రం, ఇన్ని నీళ్ల మధ్య కూర్చున్న మనకు బయటి గాలి పొడిగాలి కాదు. అందుకని కిటికీ మూసుకుందామా అంటే, అదీ కాదు. వాళ్లకు పొడిగాలి కొంచెం చాలు. మనకు తడిగాలే అయినా బోలెడంత కావాలి, అది ఆగకుండా పోతూ ఉండాలి.

ఇంకొక సంగతి ఉంది, దాన్ని మనం తగినంత వాడుకోవడం లేదు. తెల్లవారుజామున 26 డిగ్రీలు, తేమ 95 శాతం ఉందనుకోండి. ఆ గాలిలో ఘనపు మీటరుకు 23 గ్రాముల నీరు ఉంది, ఇంకా చోటు ఒక్క గ్రాము పైచిలుకు. అదే గాలి మధ్యాహ్నం రెండింటికి 31 డిగ్రీలకు వేడెక్కితే 32 గ్రాములు పట్టగలదు. ఎండ రాకపోయినా, వాన తెరిపి ఇవ్వకపోయినా, గాలిలోని నీరు అంతే ఉన్నా, ఇప్పుడు చోటు దాదాపు 9 గ్రాములు. అంటే పొద్దున కంటే ఏడురెట్లు. మబ్బు దట్టంగా ఉన్న రోజున ఇంత తేడా రాకపోవచ్చు గాని, ఎంతో కొంత తప్పక వస్తుంది. ఈ లెక్క ప్రకారం ఉతికిన బట్ట పదకొండు నుంచి నాలుగు వరకు ఉన్న అయిదు గంటలను దండెం మీద గడపాలి. మనలో ఉద్యోగాలు చేసేవాళ్లం ఏం చేస్తున్నాం? రాత్రి తొమ్మిదింటికి మిషను వేసి, పదింటికి పడకగదిలో ఆరేసి, దోమలొస్తాయని కిటికీలు బిగించి, నిద్రపోతున్నాం. నలుగురు మనుషుల ఊపిరిలోని ఆవిరి కూడా ఆ గదిలోనే చేరుతుంది. ఇంతకన్నా చెడ్డ వేళ, ఇంతకన్నా చెడ్డ చోటు మరొకటి లేదు. రాత్రి ఉతకక తప్పనివాళ్లు కనీసం పడకగదిలో కాకుండా వసారాలో ఆరేసి, మరునాటి మధ్యాహ్నం దాకా వాటిని కదపకుండా ఉంచాలి.

ఇప్పుడు మా నాయనమ్మ దండెం గురించి చెప్పాలి. మాది మండువా ఇల్లు. నడిమధ్య ఆకాశానికి తెరిచి ఉన్న మండువా, చుట్టూ వసారాలు, వాటి వెనక గదులు, పైన పెంకులు. దూలాలకు తాళ్లు కట్టి, మనిషి చెయ్యెత్తినా అందనంత ఎత్తున ఒక పొడుగాటి వెదురుగడ వేలాడదీసేవారు. అది మడిబట్టల దండెం. తడిపిన చీరను కర్ర కొసతో ఎత్తి దాని మీద వేసి, అదే కర్రతో అంగుళం అంగుళం లాగుతూ ఒంటిపొరగా పరిచేది నాయనమ్మ. ఎవరూ తాకకూడదన్న నియమం కోసం పెట్టుకున్న ఏర్పాటే అది; ఆరోగ్యశాస్త్రం కోసం కాదు. కాని దాని పనితనం చూడండి. వెచ్చటి గాలి పైకి చేరుతుంది, బట్ట అక్కడే ఉంది. పెంకుల సందుల్లోంచి ఆ గాలి బయటికి పోతుంది, మండువాలోంచి కొత్త గాలి కిందుగా వస్తుంది. బట్ట మీద బట్ట పడదు, గోడకు తగలదు. మరునాడు పొద్దున్నే కట్టుకోవాలి కాబట్టి అది ఆరి తీరాలి. మడిబట్ట ముక్కవాసన వేసిన జ్ఞాపకం నాకు లేదు. ఆ ఇల్లు కారేది, పొయ్యి పొగకు నాయనమ్మ కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. ఆ రోజులే మేలని నేను అనడం లేదు. ఆ ఇంటికి గాలి విడిచే దారి ఉండేదని మాత్రమే అంటున్నాను.

ఆ ఇంటిని పడగొట్టి స్లాబు ఇల్లు కట్టుకున్నాం. గచ్చు, ప్లాస్టిక్ రంగులు, అద్దాల కిటికీలు అన్నీ బాగున్నాయి. ప్లాను గీసిన వారు గానీ, దాన్ని ఒప్పుకున్న మావారు గానీ, నేను గానీ, బట్టలు ఎక్కడ ఆరతాయని ఒక్కసారి కూడా అనుకోలేదు. డాబా ఉంది కదా అనుకున్నాం. డాబా ఎండాకాలానికి పనికొస్తుంది; మూడు వైపులా కొబ్బరి చెట్ల నీడ పడి, నాచు పట్టిన వానాకాలపు డాబా ఎవరికి పనికొస్తుంది? కార్లకు షెడ్డు, దేవుడికి గది, చెప్పులకు అల్మారా గీసుకుంటున్న మన ఇళ్లలో బట్టలకు చోటు లేకపోవడం, ఆ పని చేసే చేతులు ప్లాను ముందు కూర్చోకపోవడం వల్లనే అని నా అభిప్రాయం.

సరే, నల్లబడిన గోడ. మా అబ్బాయి గదిలో ఏసీ ఉంది. వాడు దాన్ని 18 మీద పెట్టి పడుకునేవాడు. పక్క గదిలో ఏసీ లేదు, అందులో నేను వానాకాలమంతా బట్టలు ఆరేసేదాన్ని, ఫ్యాను వేసేదాన్ని, తలుపు మూసేదాన్ని. రెండు గదుల మధ్య గోడకు ఇవతలి వైపు ఇనుప బీరువా ఆనించి ఉండేది. ఆశ్వయుజంలో బీరువా జరిపితే వెనక గోడంతా నల్లగా, చేప పొలుసుల్లా మచ్చలు. లోపల బీరువా వెనక రేకుకు ఆని ఉన్న అరలో నా ఉప్పాడ జాందానీ చీర మడతల మీద కూడా చుక్కలు. పైన స్లాబు కారుతోందేమోనని మేస్త్రీని పిలిచాం. ఆయన వచ్చి చూసి, కారడం లేదన్నారు. పునాదిలోంచి చెమ్మ ఎక్కుతోందేమో అనుకుందామంటే, మన నేలలో నీటిమట్టం పైకే ఉంటుంది గనక అదీ జరిగేదే, కాని చెమ్మ అడుగు నుంచి ఎక్కితే మచ్చ కింద మొదలై, చౌడు పొంగుతూ పైకి పోతుంది. ఇది ఛాతీ ఎత్తున మొదలైంది.

కారణం ఇది. ఘనపు మీటరుకు 24 గ్రాముల నీరున్న గాలి, 26 డిగ్రీలకన్నా చల్లటి వస్తువును తాకితే, ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబు మీద చెమట పట్టినట్టుగా, నీటిని దాని మీద వదిలేస్తుంది. మా అబ్బాయి ఏసీ ఆ గోడను చల్లబరుస్తోంది. ఇవతల నా తడిబట్టలు గాలిని నింపుతున్నాయి. బీరువా వెనక గాలి కదలడం లేదు. గోడ రాత్రంతా కంటికి కనిపించకుండా చెమరుస్తోంది. ఫ్యాను వేశాను కదా అని నా ధీమా. మూసిన గదిలో ఫ్యాను చేసేది పాయసాన్ని కలిపినట్టు గాలిని కలపడమే. ఒక్క చుక్క నీటిని కూడా అది గది దాటించదు. ఆ తరువాత ఏసీని 26కు పెంచాం, బీరువాను గోడకు జానెడు దూరం జరిపాం, బట్టలను ఆ గదిలోంచి తీసేశాం. మచ్చలు మళ్లీ రాలేదు. చీర మాత్రం తిరిగి రాలేదు.

ఆ ఏసీనే సరిగ్గా వాడుకుంటే బట్టలు ఆరబెట్టడానికి అంతకన్నా మంచి సాధనం లేదు. ఏసీ గాలిని చల్లబరిచేటప్పుడు దానిలోని నీటిని పిండి, గొట్టం ద్వారా బయటికి పంపుతుంది. ఆ గొట్టం కింద బకెట్టు పెట్టి చూడండి. వానాకాలంలో గంటకు లీటరు దాకా పడినా ఆశ్చర్యపోనక్కరలేదు. బట్టలున్న గదిలోనే ఏసీని డ్రై మోడ్‌లో పెట్టి, తలుపులూ కిటికీలూ మూసి, ఫ్యాను తిప్పితే కొన్ని గంటల్లో మామూలు బట్టలు ఆరిపోతాయి, నీరు నిజంగానే ఇల్లు దాటుతుంది. తేమ లాగే యంత్రాలు, డీహ్యూమిడిఫయర్లు, చేసేది కూడా ఈ పనే, కాకపోతే నీరు వాటి అడుగున ఉన్న తొట్టిలో పడుతుంది. గుర్తుంచుకోవలసింది ఒక్కటే: ఏసీతోనో ఆ యంత్రంతోనో ఆరబెడుతుంటే గది మూసి ఉండాలి, ఎగ్జాస్ట్ ఫ్యానుతోనో కిటికీతోనో ఆరబెడుతుంటే గది తెరిచి ఉండాలి. రెండూ కలిపి కిటికీ తీసి ఏసీ వేస్తే, గోదావరిని గ్లాసుతో తోడినట్టే.

ఏసీ లేని ఇంట్లో అన్నింటికన్నా చవక సాధనం ఎగ్జాస్ట్ ఫ్యాను. ఒక మాదిరి ఫ్యాను గంటకు కొన్ని వందల ఘనపు మీటర్ల గాలిని బయటికి నెడుతుంది. మన 34 ఘనపు మీటర్ల గదికి అది గంటకు పదిసార్లకు తక్కువ కాదు. ఫ్యానుకు ఎదురు వైపు ఒక కిటికీ రెక్క తెరిచి ఉంచితే, గాలి బట్టల మధ్య నుంచి నడిచి వెళ్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో గాలి పడమటి నుంచే వస్తుంది, వాన జల్లు కూడా ఆ వైపు నుంచే కొడుతుంది. అందువల్ల పడమటి కిటికీని జానెడు తెరిచి, బట్టలను తూర్పు వసారాలో ఆరేస్తే జల్లు తగలదు, గాలి తగులుతుంది. కార్తీకంలో ఈశాన్యపు వానలకు ఇది తిరగబడుతుంది.

గాలి చేతికి అప్పగించే ముందే నీటిని తగ్గించుకోవడం ఇంకా మేలు. ఒక లీటరు నీటిని ఆవిరి చెయ్యాలంటే యూనిట్ కరెంటులో సుమారు మూడింట రెండు వంతులంత వేడి కావాలి, అది కరెంటు నుంచి వచ్చినా గది గాలి నుంచి వచ్చినా. అదే నీటిని మిషను గిర్రున తిప్పి విదిలించడానికి అందులో చిన్న వంతు సరిపోతుంది. సెమీ ఆటోమేటిక్ మిషనులో డ్రయ్యర్ అని మనం పిలిచే తొట్టి వేడి చేసేది కాదు, తిప్పేదే. దాన్ని రెండోసారి తిప్పండి. మొదటిసారి తిప్పాక బట్టలను విదిలించి, వేరే వరుసలో పెట్టి తిప్పితే ఇంకొంత నీరు వస్తుంది. మిషను లేనివాళ్లు పట్టు బట్టలను, సన్నటి బట్టలను పొడి తువ్వాల్లో చాప చుట్టినట్టు చుట్టి నొక్కవచ్చు. నరసాపురం లేసు పని ఉన్నవి మాత్రం పిండకుండా నొక్కి, పరిచే ఆరబెట్టాలి, వేలాడదీస్తే సాగిపోతాయి.

ఆరవేయడంలో మన పొరపాటంతా పొదుపులోనే ఉంది. చోటు చాలదని ఆరు గజాల చీరను నాలుగు మడతలు పెట్టి వేస్తాం. బయటి మడత ఆరుతుంది, లోపలి మూడూ ఒకదాని తేమ ఒకటి పీల్చుకుంటూ ఉంటాయి. రెండు తీగలను మూరెడు ఎడంగా కట్టి చీరను వాటి మీదుగా వేస్తే, రెండు పొరల మధ్య గాలి ఆడుతుంది. తువ్వాళ్లకూ పంచెలకూ ఇదే పద్ధతి. బట్టకూ బట్టకూ నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. ప్యాంట్లను తిరగేసి, జేబులు బయటికి లాగి, నడుము పైకి వచ్చేలా క్లిప్పులు పెట్టాలి. పెడస్టల్ ఫ్యానును బట్టల వరుస పొడుగునా గాలి పారేటట్టు పక్కన పెట్టాలి, ఎదురుగా కాదు. ఎదురుగా పెడితే మొదటి బట్టే గోడలా అడ్డు నిలుస్తుంది. బొంతలు, రగ్గులు శ్రావణంలో ఉతకవద్దు. ఇది సలహా కాదు, వేడుకోలు.

ఇక ఆ ముక్కవాసన. బూజు పట్టకముందే బట్ట ఎందుకు వాసన వేస్తుందన్న ప్రశ్నకు 2012లో జపాన్ పరిశోధకులు సమాధానం చెప్పారు. మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బాక్టీరియా, ఉతికినా పోకుండా దారాల్లో మిగిలి, బట్ట తడిగా ఉన్నంతసేపూ మన ఒంటి జిడ్డును తింటూ ఆ వాసనను పుట్టిస్తుంది. వాసన వచ్చిన బట్టను మళ్లీ చన్నీటిలో జాడించినా, మంచి వాసన వచ్చే ద్రవం పోసినా, అది పైపూతే. వేడినీళ్లు తట్టుకునే నూలు బట్టలైతే 60 డిగ్రీల నీటిలో ఉతికితే, లేదా ఆ తరువాత బాగా ఇస్త్రీ చేస్తే పోతుంది. సబ్బుపొడి ఎక్కువ వేసినా నష్టమే, అది సరిగా జాడకపోతే దారంలోనే ఉండిపోతుంది. తీరానికి దగ్గరగా, బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఊళ్ల వాళ్లకు ఇంకొక చిక్కు ఉంది. జాడించిన నీటిలోని ఉప్పు బట్టలో మిగిలిపోయి, గాలిలోని తేమను లాక్కుంటూ ఉంటుంది. ఆ బట్ట ఎంత ఆరినా మెత్తబడిన అప్పడంలా ఉంటుంది. వానాకాలంలోనే దీనికి మందు ఉంది. చూరు కింద బిందె పెట్టి పట్టిన వాననీటితో ఆఖరు జాడింపు జాడించి చూడండి.

గోడకు ఇప్పటికే బూజు పట్టి ఉంటే పొడిగా గీకవద్దు, దులపవద్దు. ముక్కుకు మాస్కు కట్టుకుని, సబ్బునీటి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయాలి. బ్లీచింగ్ నీళ్లు వాడేవాళ్లు కిటికీలు తీసి వాడాలి, దానిలో బాత్‌రూము కడిగే యాసిడ్ పొరపాటున కూడా కలపకూడదు. కలిస్తే విషవాయువు వెలువడుతుంది. తెల్లటి నూలు బట్ట మీది చుక్కలకు పల్చటి బ్లీచింగ్ పనిచేస్తుంది, పట్టుకూ ఉన్నికీ అది ప్రాణాంతకం. గోడ పూర్తిగా ఆరకుండా పైన రంగు వేస్తే ఆ బూజును దాచుకున్నట్టే. పాతకాలపు సున్నపు వెల్ల క్షారగుణం వల్ల బూజును కొంతకాలం నిలవనివ్వదు.

బీరువాలో కలరా ఉండలు వేశాం కదా అంటారు. అవి పురుగులకు, బూజుకు వాటితో పని లేదు. ఇస్త్రీ చేసిన బట్ట వేడిగా ఉండగానే మడిచి లోపల పెట్టవద్దు, ఆ వేడిలో ఆవిరి ఉంటుంది. తెరిపి ఉన్న మధ్యాహ్నం పూట బీరువా తలుపులు గంటసేపు బార్లా తీసి ఉంచండి, పొద్దున పూట కాదు.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

(అద్దె గదిలో ఉంటున్నామని, ఒకటే కిటికీ ఉందని, గ్యాసు పొయ్యి పైన తీగ కట్టుకుని ఆరేసుకుంటున్నామని ఒక విద్యార్థిని అన్నారు.)

ఆ తీగ ఈ రాత్రే విప్పెయ్యమ్మా. నిప్పు అంటుకునే ప్రమాదం ఒకటి. రెండోది, గ్యాసు మండితే నీరు పుడుతుంది. ఒక కిలో గ్యాసు మండితే కిలోన్నర నీరు ఆవిరై నీ గదిలోకే వస్తుంది. బట్ట వేడెక్కి ఆరినట్టు ఉంటుంది, గది తడుస్తుంది. పూర్వం చంటిపిల్లల గుడ్డలను కుంపటి మీద బుట్ట బోర్లించి, సామ్రాణి పొగ వేసి ఆరబెట్టేవారు, అది పెంకుటిళ్లలో. మూసిన గదిలో బొగ్గులు మండితే ప్రాణాలే పోతాయి. నీకున్న ఒక్క కిటికీలో, బయటికి గాలి విసిరేటట్టు ఒక చిన్న టేబుల్ ఫ్యాను పెట్టు. తలుపు కింద సందులోంచి గాలి దానంతట అదే వస్తుంది. రోజూ కాసిని ఉతుక్కో, వారానివి ఒకసారి కాదు.

(బండారులంక నుంచి వచ్చిన ఒక పెద్దాయన, స్లాబు ఇంట్లో మళ్లీ దండెం కట్టడం కుదురుతుందా అని అడిగారు.)

కుదిరిందండీ. మా తూర్పు వసారా స్లాబుకు నాలుగు కొక్కేలు దింపించి, గిలకల మీదుగా తాడు వేసి, రెండు వెదురుగడలు కట్టించాను. కిందికి దించి ఆరేసి పైకి లాగితే తల తగలదు. గోడ పైన, స్లాబు కిందుగా చిన్న జాలీ పెట్టించాను, గాలి పోవడానికి. మొత్తం ఖర్చు ఒక మంచి చీర ఖరీదు కన్నా తక్కువే అయింది. ఒకటే ఇబ్బంది, మొదట్లో తాడు తడికి బిగుసుకుపోయేది. నైలాన్ తాడు వేశాక సర్దుకుంది.

ఇంకా ప్రశ్నలు లేకపోతే, బయట వాన కాస్త తెరిపి ఇచ్చినట్టుంది. డాబా మీద బట్టలు వదిలి వచ్చినవాళ్లెవరైనా ఉంటే మొహమాటపడకుండా ముందు బయలుదేరండి.